వానకు ఎత్తు ఉంటుంది

రాత్రి వాన కురిసి వెలిసిందంటే పుంగనూరు చుట్టుపక్కల రైతు పొద్దున్నే చేలోకి పోయి మట్టిని తవ్వి చూస్తాడు. తడి ఎంత లోతుకు దిగిందో చూసి "జానెడు పదునైంది" అంటాడు. వేరుశనగ విత్తాలా, ఇంకో వాన దాకా ఆగాలా అన్నది ఆ జానెడే తేలుస్తుంది. అదే పొద్దున 8:30 గంటలకు మండల కేంద్రంలో ఒకరు వర్షమాపకం తెరిచి, సీసాలోని నీళ్లను సన్నటి గాజు కొలపాత్రలో పోసి "24 మిల్లీమీటర్లు" అని రాసుకుంటారు. పదును నేల తాగిన లెక్క. మిల్లీమీటర్లు ఆకాశం ఇచ్చిన లెక్క. ఒకే వాన గరపనేలలో ఒక లోతుకు, బంకమట్టిలో ఇంకో లోతుకు దిగుతుంది కనుక, ఊరికీ ఊరికీ పోల్చి చూడాలంటే రెండో లెక్కే కావాలి.

నీళ్లను లీటర్లలో కదా కొలవాలి, మిల్లీమీటర్లేమిటి అని పిల్లలు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే అది. కురిసిన నీరు పారకుండా, ఇంకకుండా, ఆవిరైపోకుండా కురిసినచోటే నిలిచిందనుకోండి. ఆ నీటి ఎత్తే వర్షపాతం. చదరపు మీటరు నేల మీద 1 మిల్లీమీటరు ఎత్తున నిలిచిన నీరు సరిగ్గా 1 లీటరు. ఎకరాకు సుమారు 4,047 చదరపు మీటర్లు. అంటే ఆ 24 మిల్లీమీటర్ల వాన ఎకరాకు దాదాపు 97 వేల లీటర్లు పోసిపోయింది. మదనపల్లె టమాటా తోటకు 5,000 లీటర్ల ట్యాంకర్లతో అన్ని నీళ్లు తోలాలంటే పంతొమ్మిది ట్యాంకర్లు దాటుతాయి.

వర్షమాపకం పుట్టుక మన దేశంలో చాలా పాతది. ధాన్యాగారంలో మూరెడు వెడల్పు మూతి ఉన్న పాత్రను వాన కొలవడానికి ఉంచాలని కౌటిల్యుడి అర్థశాస్త్రం చెబుతుంది. ఏ సీమలో ఎన్ని ద్రోణాల వాన పడుతుందో కూడా అందులో ఉంది. అశ్మకానికి పదమూడున్నర ద్రోణాలట. ఆ అశ్మకం నేటి బోధన్ ప్రాంతమని చరిత్రకారులు గుర్తిస్తారు. ఉగాదినాడు పంచాంగంలో వినే ఆఢకం కూడా ఆ కొలతల కుటుంబంలోదే: నాలుగు ఆఢకాలు ఒక ద్రోణం. కొరియాలో 1442లో ఒకే కొలతతో చేసిన పాత్రలను దేశమంతా పెట్టించారు.

పాత్రను ఎక్కడ పెట్టాలన్నది తేలడానికి ఇంకా చాలా కాలం పట్టింది. లండన్‌లో విలియం హెబర్డెన్ 1766 జూలై నుంచి ఏడాదిపాటు మూడు ఎత్తుల్లో వాన కొలిచాడు. నేలకు దగ్గరగా 22 అంగుళాలు దాటింది. వెస్ట్‌మిన్‌స్టర్ అబీ చర్చి కప్పు మీద 12 దగ్గరే ఆగింది. అదే ఊరు, అవే మేఘాలు! ఎత్తున గాలి విసురు ఎక్కువ. పాత్ర అడ్డుపడితే గాలి దాని మూతి మీదుగా ఎగదన్ని, చినుకులను పక్కకు మోసుకుపోతుంది. 1861లో జెవన్స్ అనే పరిశోధకుడు ఈ సంగతి వివరించాడు. బడి మిద్దె మీద వర్షమాపకం పెట్టాలనుకునే పిల్లలు దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. మన దేశంలో వాడే సైమన్స్ వర్షమాపకం మూతి 127 మిల్లీమీటర్ల వెడల్పు, నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తు. చెట్టుగానీ గోడగానీ దాని ఎత్తుకు రెండింతల దూరంలోనైనా ఉండాలి.

ఇలా కొలిచిన లెక్కలను ఎలా చదవాలో చూద్దాం. క్షయ రోగులకు పొడిగాలి మేలని శానిటోరియం కట్టిన ఆరోగ్యవరం మదనపల్లె పక్కనే ఉంది. వాతావరణ శాఖ పట్టికల్లో ఆ పేరు కనిపిస్తుంది. ఇవాళ అక్కడ పడ్డ వాన వాతావరణం. ముప్పై ఏళ్ల సగటు శీతోష్ణస్థితి. తమిళనాడు అంచున ఉన్న కుప్పానికి నైరుతి వెళ్లిపోయాక అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాలు కూడా వానలు తెస్తాయి. అందుకే అక్కడ జూన్ లెక్క ఒక్కటే చూసి ఏడాది గురించి చెప్పలేం.

ఇప్పటి స్వయంచాలక కేంద్రాల్లో చాలావాటిలో గరాటు కింద తూగుడుబల్లలా రెండు చిన్న దొప్పలు ఉంటాయి. ఒకటి నిండగానే ఒరిగి ఒలికిపోతుంది, రెండోది గరాటు కిందికి వస్తుంది. ప్రతి ఒరుగుకూ ఒక అయస్కాంతం మీట పక్కగా సాగి, తాకకుండానే దాన్ని కలిపి లెక్క నమోదు చేయిస్తుంది. ఆ గరాటులో ఒక ఎండుటాకు అడ్డుపడితే చాలు, బయట కుండపోత కురుస్తున్నా తెర మీద సున్నాయే కనిపిస్తుంది. ఎవరో ఒకరు పోయి ఆ ఆకు తీయాల్సిందే.