గీతల్లో దాగిన లెక్క

రైఫిల్ స్కోపులోంచి చూస్తే కనబడే గీతల అమరికను రెటికిల్ అంటారు. ఆ గీతలు గురి చూడటానికే కాదు, కొలవడానికి కూడా పనికొస్తాయి. అయితే అవి కొలిచేది పొడవును కాదు, కోణాన్ని.

వాడుకలో రెండు ప్రమాణాలు ఉన్నాయి. డిగ్రీలో 60వ వంతు ఎంఓఏ. 100 మీటర్ల దూరంలో అది సుమారు 2.9 సెంటీమీటర్లు. రేడియన్‌లో 1000వ వంతు మిల్. అదే దూరంలో అది 10 సెంటీమీటర్లు. దూరం రెట్టింపైతే ఈ పొడవులూ రెట్టింపవుతాయి.

2 మీటర్ల ఎత్తున్న పలక స్కోపులో 4 మిల్లులుగా కనబడిందనుకోండి. 2ను 1000తో గుణించి 4తో భాగించండి. పలక 500 మీటర్ల దూరంలో ఉన్నట్టు. రేడియన్ ఎందుకు నేర్చుకోవాలని అడిగేవారికి ఇదొక జవాబు.

స్కోపు ఎంచుకునేటప్పుడు గీతలూ, గురిని సవరించే మరలూ ఒకే ప్రమాణంలో ఉన్నాయో లేదో చూడాలి. 1 మిల్ సవరించాల్సిన చోట 1 ఎంఓఏ తిప్పితే, 100 మీటర్ల దగ్గర సుమారు 7 సెంటీమీటర్ల తేడా మిగిలిపోతుంది. కొన్ని స్కోపుల్లో గీతల కొలత ఒక్క జూమ్ దగ్గరే సరిపోతుంది. అది ఏదో ముందే తెలుసుకోవాలి.

అంకె పక్కన ప్రమాణం రాయకపోతే లెక్కల మాస్టారు మార్కులు కోసేది ఊరికే కాదు!