పునఃప్రదర్శన యంత్రం: టేపు నుంచి ప్లేలిస్టు వరకు

మైదానంలో అప్పుడే ముగిసిన ఘట్టాన్ని ప్రేక్షకులకు వెంటనే మళ్లీ చూపాలంటే, దృశ్యాన్ని నమోదు చేయడంతో పాటు నమోదైన దానిలో కావలసిన చోటును క్షణాల్లో పట్టుకోవడం కూడా అవసరం. ఆంపెక్స్ సంస్థ 1956లో ప్రవేశపెట్టిన వీడియో టేపు రికార్డరు మొదటి పనిని సాధించింది గాని, రెండంగుళాల వెడల్పు టేపును వెనక్కి చుట్టి సరైన చోట ఆపడం అప్పటికి కష్టసాధ్యంగానే ఉండిపోయింది.

1963 డిసెంబరు 7న ఫిలడెల్ఫియాలో అమెరికా సైనిక, నౌకాదళ అకాడమీల జట్లు తలపడిన ఫుట్‌బాల్ పోటీని సీబీఎస్ ప్రసారం చేస్తుండగా, దర్శకుడు టోనీ వెర్నా టేపులోని శబ్దపట్టీ మీద గుర్తుధ్వనులను నమోదు చేయించి, వాటి ఆధారంగా ఒక టచ్‌డౌన్ ఘట్టాన్ని వెతికి పట్టుకుని మామూలు వేగంతోనే మళ్లీ చూపించారు. జట్టు మరోసారి స్కోరు చేయలేదని వ్యాఖ్యాత ప్రేక్షకులకు ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చిందంటే ఆ ప్రక్రియ ఎంత కొత్తదో ఊహించవచ్చు. 1967లో వచ్చిన ఆంపెక్స్ హెచ్ఎస్-100 యంత్రం టేపుకు బదులు తిరిగే పళ్లేలను వాడి, 30 సెకన్ల దృశ్యాన్ని మాత్రమే దాచుకోగలిగినా, దాన్ని నెమ్మదిగా నడపడానికీ, ఒకే చిత్రం వద్ద నిలపడానికీ వీలు కల్పించింది.

బెల్జియంలో 1994లో స్థాపితమైన ఈవీఎస్ సంస్థ కంప్యూటరు హార్డుడిస్కులతో పనిచేసే సర్వర్లను ఈ రంగంలోకి తెచ్చిన తరువాత, ఒకవైపు రికార్డింగు సాగుతుండగానే మరోవైపు పాత దృశ్యాన్ని చదవడం సాధ్యమైంది. ఆపరేటరు ఒక ఘట్టం ఆదిని ‘ఇన్’ మీటతోనూ, అంతాన్ని ‘అవుట్’ మీటతోనూ గుర్తిస్తే ఏర్పడే భాగం క్లిప్పు. అలాంటి క్లిప్పులను ప్రసారం కావలసిన వరుసలో పేర్చిన పట్టిక ప్లేలిస్టు. ఈ పట్టికలో ఉండేవి క్లిప్పుల చిరునామాలే కాబట్టి, వరుస మార్చినా, ఒకదాన్ని తొలగించినా, కొనలు కత్తిరించినా మూల దృశ్యం చెక్కుచెదరదు.

క్రికెట్‌లో వికెట్ పడినప్పుడు బంతి స్టంపులను తాకిన దృశ్యం, ప్రక్క కెమెరా చూపిన కోణం, బౌలరు సంబరం వరుసగా పేర్చి, మొదటి దాన్ని సగం వేగంతో నడపాలని నిర్ణయిస్తే, నాలుగు సెకన్ల క్లిప్పు ఎనిమిది సెకన్లు ఆక్రమిస్తుంది. కాబట్టి తరువాతి బంతి పడేలోగా పట్టిక ముగిసేలా మిగిలిన వాటిని కుదించవలసి ఉంటుంది. ఒక దృశ్యం మరొకదానిలో కరిగే ‘మిక్స్’ను కోరితే, ఆ కొద్ది వ్యవధిలో రెండు క్లిప్పులూ ఏకకాలంలో నడవాలి కనుక, మొదటి దాని ‘అవుట్’ తరువాతా, రెండో దాని ‘ఇన్’కు ముందూ కొంత అదనపు దృశ్యం మిగిలి ఉండటం తప్పనిసరి.

సర్వరులోని స్థలం పరిమితమైనది కాబట్టి రికార్డింగు చక్రంలా తిరుగుతూ పాత దృశ్యాలపైనే కొత్తవాటిని రాసుకుంటూ పోతుంది. క్లిప్పులుగా గుర్తించి కాపాడినవే నిలుస్తాయి. ఆట ముగిశాక ముఖ్యాంశాలుగా ఏమి మిగలాలో ఆపరేటరు ఆట సాగుతుండగానే తేల్చుకోవాలి కనుక, ఈ పనిలో చేతివేగంతో సమానంగా ఆటపై అవగాహన కూడా అవసరమవుతుంది.