ఎడ్జ్‌వుడ్ తల్లిదండ్రుల వ్యాజ్యము

1968 మే 16వ తేదీన టెక్సాస్ రాష్ట్రములోని శాన్ ఆంటోనియో నగరములో ఎడ్జ్‌వుడ్ ఉన్నత పాఠశాల విద్యార్థులు సుమారు 400 మంది తరగతులు విడిచి బయటకు నడిచిరి. ఊరేగింపుగా పాఠశాలాధికారి కార్యాలయమునకు పోయిరి. వారు కోరినవి పెద్ద కోరికలు కావు. శిథిలమగుచున్న భవనములను బాగుచేయింపుడనియు, చదువు చెప్పుటకు అర్హతగల ఉపాధ్యాయులను నియమింపుడనియు అడిగిరి. సంపదకు మారుపేరుగా లోకము చెప్పుకొను దేశములో విద్యార్థులు వీధికెక్కి అడుగవలసినవి ఇవియా అని మన ఉపాధ్యాయులకు ఆశ్చర్యము కలుగవచ్చును. కాని అమెరికాలో ప్రభుత్వ పాఠశాల యనునది అంతట ఒక్కటి కాదు. పేట పేటకు అది వేరు. ఆ తేడా ఎచ్చట పుట్టుచున్నదో తెలియవలెనన్న, ఎడ్జ్‌వుడ్ తల్లిదండ్రులు నడిపిన వ్యాజ్యము కథ చదువవలెను.

పిల్లలు కదలిన తరువాత పెద్దలు కూడ కదలిరి. పేటలోని తల్లిదండ్రులు ఒక సంఘముగా ఏర్పడిరి. వారిలో డెమెట్రియో రోడ్రిగెజ్ ఒకరు. ఆయన వృత్తిచేత రేకుపని చేయు కార్మికుడు. పూర్వము నౌకాదళములో పనిచేసి, అప్పటికి కెల్లీ వైమానిక స్థావరములో ఉద్యోగము చేయుచుండెను. ఆయన కుమారులు చదువుకొను ప్రాథమిక పాఠశాల భవనము కూలుటకు సిద్ధముగా నుండెను. అందులో గబ్బిలములు కాపురము పెట్టినవి. బడికి వచ్చు సొమ్మును స్థానికాధికారులు దుర్వినియోగము చేయుచున్నారని తల్లిదండ్రులు మొదట తలచిరి. ఆ అనుమానముతోనే ఆర్థర్ గోచ్‌మన్ అను న్యాయవాది వద్దకు పోయిరి. దోషము అధికారులది కాదనియు, సొమ్ము అసలు రాకపోవుటయే దోషమనియు, రాకపోవుటకు కారణము రాష్ట్రపు చట్టమే యనియు ఆయన వారికి బోధపరచెను.

ఆ చట్టమెట్టిదో కొంచెము చెప్పవలసియున్నది. టెక్సాస్‌లో ప్రభుత్వ పాఠశాలలను రాష్ట్ర విద్యాశాఖ నేరుగా నడుపదు. రాష్ట్రమంతయు పాఠశాల మండలములుగా విభజింపబడినది. ఒక్క నగరములోనే అట్టి మండలములు అనేకము లుండును. ప్రతి మండలమునకు ప్రజలెన్నుకొన్న పాలకవర్గ ముండును. దానికి పన్ను వేయు అధికారము కలదు. మండలములోని ఇండ్లు, దుకాణములు, కర్మాగారముల విలువపై ఆ పన్ను పడును. రాష్ట్రము కొంత, కేంద్ర ప్రభుత్వము కొంత ఇచ్చినను, ఒక బడికిని ఇంకొక బడికిని మధ్య గల అంతరమును నిర్ణయించునది ఈ స్థానికపు పన్నే. పైకి చూచిన ఇది మేలైన పద్ధతిగనే తోచును. తన ఊరి బడిని తన ఊరివారే పోషించి, తామే నడుపుకొనుటకంటె ప్రజాస్వామ్యమునకు కావలసిన దేమి? చిక్కంతయు లెక్కలో ఉన్నది.

శాన్ ఆంటోనియో ప్రాంతములోనే అలమో హైట్స్ అను మరియొక మండలము కలదు. అది సంపన్నుల నివాసము. 1967-68 విద్యాసంవత్సరపు లెక్కలను ఈ రెండు మండలములకు పోల్చి న్యాయస్థానము ముందు పెట్టిరి. ఎడ్జ్‌వుడ్‌లో 25 పాఠశాలలు, సుమారు 22,000 మంది పిల్లలు; వారిలో నూటికి 90 మంది మెక్సికో సంతతివారు, 6 మందికి పైగా నల్లజాతివారు. వ్యాపారములు, పరిశ్రమలు అచ్చట బహు స్వల్పము. పన్ను విధింపదగిన ఆస్తి మొత్తమును పిల్లల సంఖ్యచేత భాగించిన తలకు 5,960 డాలర్లు వచ్చెను. అలమో హైట్స్‌లో తలకు 49,000 డాలర్లకు పైబడెను. ఇక పన్ను రేటు చూడుడు. ఎడ్జ్‌వుడ్ ప్రజలు ఆస్తి విలువలో ప్రతి 100 డాలర్లకు 1 డాలరు 5 సెంట్లు కట్టుచుండిరి. ఆ నగర ప్రాంతమంతటిలో అంతకు మించిన రేటు లేదు. అలమో హైట్స్‌లో 85 సెంట్లు మాత్రమే. అనగా 10,000 డాలర్లుగా మదింపు వేసిన ఇంటికి బీదల పేటలో 105 డాలర్లు కట్టవలసియుండగా, అంతే విలువగల ఇంటికి ధనికుల పేటలో 85 డాలర్లు చాలును.

బిడ్డల చదువుకొరకు హెచ్చుగా కట్టినవారికి ముట్టిన దెంత? రాష్ట్ర పథకమునకు చెల్లింపవలసిన వాటా పోగా, ఎడ్జ్‌వుడ్‌కు స్థానికపు పన్నువలన ఒక్కొక్క పిల్లవానికి మిగిలినది 26 డాలర్లు. అలమో హైట్స్‌కు మిగిలినది 333 డాలర్లు. రాష్ట్ర ప్రభుత్వమైనను ఈ అంతరమును పూడ్చెనా? ఎడ్జ్‌వుడ్‌కు 222, అలమో హైట్స్‌కు 225 డాలర్లు ఇచ్చెను. కలవానికే మూడు డాలర్లు హెచ్చు! కేంద్ర ప్రభుత్వపు సహాయము మొదటిదానికి 108, రెండవదానికి 36. అంతయు కూడిన, ఏడాదికి ఒక పిల్లవాని చదువునకు ఒకచోట 356 డాలర్లు, కొద్ది మైళ్ళ దూరములో 594 డాలర్లు.

గణితోపాధ్యాయులు ఇంకొక అడుగు ముందుకు వేయవచ్చును. అలమో హైట్స్ 85 సెంట్ల రేటుతో తలకు రాబట్టు పన్నును ఎడ్జ్‌వుడ్ కూడ రాబట్టవలెనన్న, నూటికి సుమారు 7 డాలర్లు వేయవలెను. చట్టము అనుమతించిన గరిష్ఠపు రేటు నూటికి 1 డాలరు 50 సెంట్లు. కనుక ఎడ్జ్‌వుడ్ తల్లిదండ్రులు కడుపు కట్టుకొని పన్ను కట్టుటకు సిద్ధపడినను చట్టము వారిని కట్టనీయదు. తమ బడిని తామే తీర్చిదిద్దుకొను స్వాతంత్ర్యము వారికి కాగితము మీద మాత్రమే ఉండెను. బీదతనపు ఫలము తరగతి గదిలో కనిపించుచునే యుండెను: ఎడ్జ్‌వుడ్‌లో నూటికి 47 మంది ఉపాధ్యాయులు పూర్తి అర్హత లేక తాత్కాలికపు అనుమతితో పనిచేయుచుండిరి. అలమో హైట్స్‌లో అట్టివారు నూటికి 11 మంది.

1968లోనే రోడ్రిగెజ్ మొదలగువారు ఫెడరల్ న్యాయస్థానములో దావా వేసిరి. మొదట ప్రతివాదులలో శాన్ ఆంటోనియో పాఠశాల మండలము కూడ ఉండెను. వాదుల మాట న్యాయమని తోచి ఆ మండలము వారి పక్షమునకే చేరినను, వ్యాజ్యము మాత్రము చరిత్రలో దాని పేరిటనే నిలిచిపోయినది. 1971 డిసెంబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము తల్లిదండ్రుల పక్షముగా తీర్పు చెప్పెను. రాష్ట్రము సుప్రీం కోర్టుకు పోయెను.

1973 మార్చి 21వ తేదీన సుప్రీం కోర్టు ఆ తీర్పును కొట్టివేసెను. అయిదుగురు ఒకవైపు, నలుగురు ఇంకొకవైపు. అధిక సంఖ్యాకుల తీర్పు వ్రాసిన లూయిస్ పావెల్ పూర్వము వర్జీనియాలోని రిచ్‌మండ్ నగరపు పాఠశాలల పాలకవర్గమునకు అధ్యక్షుడుగా పనిచేసినవాడు. విద్య ఎంత ముఖ్యమైనదైనను దేశ రాజ్యాంగము రక్షించు హక్కులలో అది చేరలేదనియు, స్థానిక పాలనను కాపాడుకొనుట రాష్ట్రమునకు తగిన ఉద్దేశమే యనియు ఆయన నిర్ణయించెను. ధనము హెచ్చిన చదువు హెచ్చునా అనునది విద్వాంసులలో ఇంకను తేలని ప్రశ్న యని కూడ వ్రాసెను. భిన్నాభిప్రాయము వ్రాసినవారిలో థర్గుడ్ మార్షల్ ముఖ్యుడు. జాతిభేదమునుబట్టి పిల్లలను వేరు బడులలో పెట్టరాదని 1954లో వచ్చిన బ్రౌన్ తీర్పునకు ముందు న్యాయవాదిగా వాదించినవాడు ఆయనయే. టెక్సాస్ పిల్లలకే ఎన్నుకొను అవకాశమున్న, తక్కువ సాధనములున్న మండలమును ఏ పిల్లవాడును కోరుకొనడు గదా యని ఆయన వాదము.

ఈ ధనము ప్రశ్న ఉపాధ్యాయులకు చిరపరిచితమైనదే. 1966లో ప్రకటింపబడిన కోల్‌మన్ నివేదిక పిల్లల చదువుపై బడి వసతులకంటె ఇంటి పరిస్థితుల ప్రభావము హెచ్చని చెప్పెను. దానిని చేతపట్టుకొని, బడులకు సొమ్మిచ్చుట వృథా యని వాదించినవారు అనేకులు. కాని 2016లో ముగ్గురు ఆర్థికశాస్త్రజ్ఞులు, న్యాయస్థానముల ఆజ్ఞలవలన నిధులు పెరిగిన మండలములలో చదివిన పిల్లలను వారు పెద్దవారగు వరకు పరిశీలించి, బీద కుటుంబముల పిల్లలు హెచ్చు సంవత్సరములు చదివిరనియు, వారి వేతనములు పెరిగినవనియు తేల్చిరి. ఒక ఏటి పరీక్షలో కనబడనిది జీవితములో కనబడినదన్నమాట. గబ్బిలములున్న గదిలో పాఠము చెప్పినవారికి ఈ పరిశోధన లేకయే ఆ సంగతి తెలిసియుండును.

దేశ రాజ్యాంగపు ద్వారము మూసికొనిపోగా, తల్లిదండ్రులు రాష్ట్ర రాజ్యాంగమును విప్పిరి. 1876 నాటి ఆ రాజ్యాంగము సమర్థమైన ఉచిత ప్రజాపాఠశాలల వ్యవస్థను నెలకొల్పవలెనని శాసనసభను ఆదేశించుచున్నది. 1984లో ఎడ్జ్‌వుడ్ మండలమే ముందు నిలిచి రాష్ట్ర న్యాయస్థానములో మరల దావా వేసెను. 1989 అక్టోబరులో టెక్సాస్ సుప్రీం కోర్టు ఏకగ్రీవముగా ఎడ్జ్‌వుడ్‌ను గెలిపించెను. అప్పటికి మిక్కిలి ధనికమైన మండలములో పిల్లవాని తలకు ఆస్తి 140 లక్షల డాలర్లకు పైబడగా, మిక్కిలి బీద మండలములో సుమారు 20,000 డాలర్లు. అనగా ఒకటికి ఏడువందల రెట్లు. పావెల్ తీర్పునకును దీనికిని మధ్య పదునారేండ్లు గడచినవి. మొదటి దావా నాటికి అక్షరములు దిద్దుచున్న పిల్లలు ఇప్పుడు తామే తల్లిదండ్రులగు వయస్సునకు వచ్చిరి.

గెలిచిన తీర్పును అమలు జరుపుట మరియొక యుద్ధమైనది. శాసనసభ చేసిన మార్పులను న్యాయస్థానము ఒకటి వెంట నొకటిగా త్రోసిపుచ్చెను. 1993 మేలో రాజ్యాంగ సవరణను ఓటర్లు తిరస్కరించిరి. ఆ యేడే వచ్చిన చట్టము ధనిక మండలముల పన్నులో కొంత భాగమును ఇతర మండలములకు మళ్ళించెను. 1995లో న్యాయస్థానము దానిని ఆమోదించెను. ధనికుల సొమ్ము దోచి బీదలకు పంచు ఆంగ్ల కథానాయకుని పేర, ప్రజలు దీనిని రాబిన్ హుడ్ పథకమని పిలిచిరి. ఆ పేరులోనే ధనికుల పేటల తల్లిదండ్రుల ఆగ్రహము కనిపించుచున్నది. తమ పిల్లల బడికని కట్టిన పన్ను ఎవరి పిల్లలకో పోవుచున్నదని వారి బాధ. వారిని స్వార్థపరులని కొట్టివేయుట తేలిక. కాని మంచి బడి కొరకు అప్పు చేసి ఖరీదైన పేటలో ఇల్లు కొన్నవారు వారిలో అనేకులు. డల్లాస్ పరిసరములందలి ప్లేనో, ఫ్రిస్కో, కొప్పెల్ పట్టణములలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ సంగతి అనుభవములోనిదే. గదులెన్ని యని అడుగుటకు ముందు, ఆ వీధి పిల్లలు ఏ బడికి పోవుదురని అడుగుదురు. ప్లేనో మండలము ఈ పథకము క్రింద కోట్లకొలది డాలర్లు చెల్లించినది.

తుదకు ఈ పథకము విచిత్రమైన మలుపు తిరిగెను. నగరములలో భూమి వెల పెరుగగా, బీదపిల్లలు వేలకొలది చదువు హ్యూస్టన్, ఆస్టిన్ మండలములు కూడ లెక్కలో ధనికములై చెల్లింపవలసినవైనవి. 2016లో హ్యూస్టన్ ఓటర్లు చెల్లింపము పొమ్మనిరి; తమ మండలములోని ఆస్తులను విడదీసి వేరు మండలములకు చేర్చు ప్రమాదము రాగా, 2017లో మరల ఓటు వేసి ఒప్పుకొనిరి.

అమెరికాలో 1969 నుండి జరుగుచున్న ఒక ప్రజాభిప్రాయ సేకరణలో తరచు ఒక వింత కనిపించును. తల్లిదండ్రులు తమ బిడ్డ చదువు బడికి మంచి మార్కులు వేయుదురు. దేశములోని బడులన్నిటికి కలిపి తక్కువ మార్కులు వేయుదురు. సంస్కరణలు మాత్రము రెండవ అభిప్రాయము మీదనే నడచినవి. టెక్సాస్ గవర్నరుగా నుండిన జార్జి డబ్ల్యు. బుష్ అధ్యక్షుడై 2002 జనవరిలో సంతకము చేసిన చట్టము, 2014 నాటికి పిల్లలందరును చదువులో, గణితములో తగిన స్థాయికి రావలెనని ఆజ్ఞాపించెను. ప్రతి యేడును పరీక్షలు, చాలని బడికి శిక్షలు. గడువు వచ్చిపోయెను, లక్ష్యము నెరవేరలేదు. 2015 డిసెంబరులో ఆ చట్టము స్థానములో వేరొకటి వచ్చెను.

ఇంకొక మార్గము వోచర్లు. 1998లో ఒక ప్రైవేటు సంస్థ పదేండ్లలో 5 కోట్ల డాలర్లు వెచ్చించి ఎడ్జ్‌వుడ్ పిల్లలను ప్రైవేటు బడులకు పంపుటకు ముందుకు వచ్చెను. తండ్రులు ముప్పదేండ్లు వ్యాజ్యమాడిన చోటనే ఈ ప్రయోగము! బిడ్డ చేయి పట్టుకొని మెరుగైన బడికి నడచిపోయిన తల్లిని ఎవరు తప్పు పట్టగలరు? కాని టెక్సాస్‌లో ప్రభుత్వ ధనము పిల్లల హాజరు లెక్కనుబట్టి వచ్చును. ఒక పిల్లవాడు వెళ్ళిన, వానితోపాటు సొమ్మును వెళ్ళును. గది కప్పు మరమ్మతు ఖర్చు మాత్రము తగ్గదు.

డెమెట్రియో రోడ్రిగెజ్ 2013లో మరణించెను. 2016లో టెక్సాస్ సుప్రీం కోర్టు, రాష్ట్రపు నిధుల పద్ధతిలో లోపములున్నవని ఒప్పుకొనుచునే, రాజ్యాంగము కోరు కనీసపు మెట్టునకు అది చాలునని తీర్పు చెప్పెను. అదే సంవత్సరములో రాష్ట్ర విద్యాశాఖ ఎడ్జ్‌వుడ్‌లో ఎన్నికైన పాలకవర్గమును ప్రక్కకు నెట్టి, తాను నియమించినవారిని కూర్చుండబెట్టెను. స్థానిక పాలన పేరిట 1973లో ఓడిపోయినవారికి ఆ స్థానిక పాలనయు కొంతకాలము దక్కలేదు. 2025 మేలో టెక్సాస్ గవర్నరు ప్రైవేటు చదువులకు 100 కోట్ల డాలర్లు కేటాయించు చట్టముపై సంతకము చేసెను. 2026-27 విద్యాసంవత్సరము దాని ఆరంభముగా నిర్ణయింపబడినది. 1968లో 22,000 మంది పిల్లలతో కిటకిటలాడిన ఎడ్జ్‌వుడ్ మండలములో ఆ చట్టము వచ్చు నాటికి మిగిలినవారు పదివేల మందికి లోపు.