పిల్లికి మూత్రం బిగిస్తే ఉన్న కాస్త డబ్బు ఎక్కడ పెట్టాలి?

మగపిల్లి ఇసుక ట్రేలోకి వెళ్లి కూర్చుంటుంది, ముక్కుతుంది, లేచి వస్తుంది. కాసేపటికి మళ్లీ వెళ్తుంది. చూస్తే ఇసుక పొడిగానే ఉంటుంది. చాలా ఇళ్లలో దీన్ని మలబద్ధకం అనుకుంటారు. కాస్త ఆముదం పట్టించి, రేపటికి సర్దుకుంటుందిలే అని ఊరుకుంటారు. డాక్టరు దగ్గరికి వెళ్తే బిల్లు వేలల్లో అవుతుందన్న భయం కూడా అందుకు ఒక కారణం. ఆ భయం న్యాయమైనదే. అయితే పిల్లి మూత్ర సమస్యల్లో రెండు రోజుల్లో ప్రాణం మీదికి తెచ్చేవి ఉన్నాయి, వారంలో వాటంతటవే తగ్గిపోయేవీ ఉన్నాయి. పైకి రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. ఈ తేడా తెలియకపోవడం వల్లే, ఖర్చు పెట్టి తీరాల్సిన రోజున ఆగిపోయి, పెట్టనక్కర్లేని రోజున పెట్టేసేవాళ్లు ఎక్కువ.

ముందు ప్రాణం తీసేదాని సంగతి. మూత్రాశయం నుంచి బయటికి వచ్చే గొట్టం మగపిల్లిలో చివరికొచ్చేసరికి బాగా సన్నబడుతుంది. ఆడపిల్లిలో అది పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి పూర్తిగా మూసుకుపోవడం అరుదు. మగదానికి ఇసుక రేణువంత రాయి ఇరుక్కున్నా, జిగురూ స్ఫటికాలూ కలిసిన ముద్ద అడ్డుపడినా, ఒక్కోసారి వాపుతో కండరం బిగదీసుకున్నా దారి మూసుకుపోతుంది. వెనక ఒత్తిడి పెరిగి మూత్రపిండాలు రక్తాన్ని వడకట్టలేని స్థితికి వస్తాయి. యూరియా, క్రియాటినిన్, పొటాషియం ఒంట్లోనే పేరుకుంటాయి. వీటిలో అన్నింటికంటే ముందు చంపేది పొటాషియం. అది మితిమీరితే గుండె నెమ్మదిస్తుంది, లయ తప్పుతుంది, చివరికి ఆగిపోతుంది. పూర్తిగా బిగిసిన పిల్లి ఒకటి రెండు రోజుల్లోనే విషమ స్థితికి చేరుతుంది. వైద్యం అందకపోతే మూడో రోజునో, ఆ తర్వాత కొద్ది రోజుల్లోనో చనిపోతుంది.

వేడి చేసిందనుకుని కొబ్బరినీళ్లు పట్టించేవాళ్లున్నారు. కొబ్బరినీళ్లలో దండిగా ఉండేది పొటాషియమే! బార్లీ నీళ్లయినా, కొండపిండి ఆకు కషాయమైనా అంతే. దారి మూసుకుని ఉండగా లోపలికి పోసే ప్రతి చెంచా నిండిపోయిన మూత్రాశయం మీద మరో భారం. పొత్తికడుపులో గట్టి ఉండ తగిలితే దాన్ని నొక్కి మూత్రం రప్పించబోకండి, మూత్రాశయం పగలవచ్చు. పదేపదే కూర్చున్నా చుక్క రాకపోవడం, కింది భాగం అదేపనిగా నాక్కోవడం, అరవడం, తిండి మానడం, వాంతి, మూల నక్కడం: వీటిలో మొదటిది ఒక్కటి కనిపించినా చాలు, మిగతా వాటికోసం ఎదురుచూడకుండా బయల్దేరాలి. అది అర్ధరాత్రయినా సరే.

ఎక్కడికి వెళ్లాలి? పల్లెలో పిల్లుల డాక్టరు దొరకడు కదా అని నిరాశపడనక్కర్లేదు. పశువుల ఆసుపత్రి డాక్టరుకు ఈ జబ్బు కొత్త కాదు. మేపుడు పొట్టేళ్లలో, దున్నదూడల్లో ఇలాగే రాళ్లు ఇరుక్కుని మూత్రం బిగుస్తుంది, అవీ ఇలాగే చనిపోతాయి. మూత్రం దారిలోకి ఎక్కించే, పిల్లికి పట్టేంత సన్నటి గొట్టం (కాథెటర్) ఆయన దగ్గర లేకపోవచ్చు. అయినా సూదితో మూత్రాశయం నుంచి కొంత తీసి ఒత్తిడి తగ్గించి పట్టణానికి పంపగలిగితే అదే పెద్ద సాయం. హైదరాబాదులో నారాయణగూడ ప్రభుత్వ పశువుల ఆసుపత్రి ఉంది. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలలకు సొంత ఆసుపత్రులున్నాయి. ఇలాంటి చోట ఖర్చు ప్రైవేటు కంటే బాగా తక్కువ. బయల్దేరే ముందు ఫోన్ చేసి, ‘మగపిల్లికి మూత్రం బిగిసింది, ఇప్పుడు తీసుకొస్తే చూస్తారా?’ అని అడగండి. తలుపు మూసి ఉన్న చోటికి ఆటోలో వెళ్లి గంట పోగొట్టుకునే స్థితి కాదది.

డబ్బు మాట కూడా మొదటే చెప్పేయాలి. మనవాళ్లకు మొహమాటం ఎక్కువ. డాక్టరు చెప్పినవన్నీ తలూపి విని, బిల్లు చూశాక పిల్లిని బుట్టలో పెట్టుకుని వెనక్కి వెళ్లిపోతారు. ‘డాక్టరుగారూ, మా దగ్గర ఇంతే ఉంది. ఇందులో ముందు ఏది చేస్తే పిల్లి బతుకుతుంది?’ అని అడగడంలో చిన్నతనమేమీ లేదు. పూర్తి వైద్యమంటే రక్తపరీక్ష, మత్తు, కాథెటర్, సెలైన్, రెండు మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచడం. అంత పెట్టలేమని తెలిస్తే డాక్టరు వేరే దారి వెతకగలరు. దారి తెరిచి, అదే రోజు ఇంటికి పంపడం ఒకటి. మళ్లీ బిగుసుకునే ప్రమాదం అందులో ఎక్కువే, కానీ ఆ పూటకు ప్రాణం నిలుస్తుంది.

ఇంకో దారిని అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఎడ్వర్డ్ కూపర్ బృందం పరీక్షించి 2010లో ప్రచురించింది. పూర్తి వైద్యానికి డబ్బు లేక, ఇక సూది వేసి చంపించడమే మిగిలిన పిల్లుల కోసం చేసిన ప్రయత్నమది. కాథెటర్ జోలికి పోకుండా నొప్పి తగ్గించే మందు, కండరం సడలించే మత్తుమందు ఇచ్చారు. సూదితో మూత్రం తీసి ఒత్తిడి దించారు. పిల్లిని సందడి లేని చీకటి గదిలో ఉంచారు. 15 పిల్లుల్లో 11 మూడు రోజుల్లోపు తమంతట తామే మూత్రం పోసి ఇంటికి వెళ్లాయి. మిగతా నాలుగింటిలో మూడింటికి కడుపులోకి మూత్రం చేరింది, ఒకదానికి రక్తం చేరింది. కాబట్టి కాథెటర్ పెట్టించగలిగితే అదే మేలు. కానీ చేతిలో డబ్బు లేనప్పుడు ఎదురుగా ఉన్న రెండో దారి చావే అయితే, 15లో 11 అన్నది చిన్న సంఖ్య కాదని నా అభిప్రాయం. ఈ మార్గం డాక్టరు చేతిలో జరగాల్సిందే, ఇంట్లో చేసేది కాదు.

ఇక రెండో రకం. పిల్లి మాటిమాటికీ వెళ్తుంది, కొద్దికొద్దిగానైనా మూత్రం వస్తుంది, అందులో రక్తం కనిపిస్తుంది. స్నానాల గదిలోనో, మంచం మీదో పోసేస్తుంది. చూడ్డానికి భయంగా ఉన్నా, చుక్కలు వస్తున్నంతవరకూ మీకు కాస్త వ్యవధి ఉన్నట్టే. మగపిల్లి అయితే మాత్రం పూర్తిగా బిగుస్తుందేమోనని పూటపూటకూ కనిపెట్టి ఉండాలి. పదేళ్ల లోపు పిల్లుల్లో ఇలా వచ్చేవాటిలో సగానికి పైగా ఎంత వెతికినా కారణం దొరకని మూత్రాశయపు వాపే. రాళ్లు కొన్నింటిలో ఉంటాయి. మనుషుల్లో మొదట అనుమానించే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ వయసు పిల్లుల్లో బాగా అరుదు. అది ముసలి పిల్లుల్లో, మధుమేహమో మూత్రపిండాల జబ్బో ఉన్నవాటిలో ఎక్కువ. అందుచేత నాలుగేళ్ల పిల్లికి పరీక్ష లేకుండా కొనే యాంటీబయాటిక్ చాలాసార్లు దండగ.

మరి యాంటీబయాటిక్ వాడితే తగ్గిందే అంటారు చాలామంది. ఈ వాపు చాలా పిల్లుల్లో వారం అటూ ఇటూగా తనంతట తనే తగ్గుతుంది. ఆ వారంలో ఏది వాడినా దానికే పేరొస్తుంది, మాత్రకైనా, కషాయానికైనా. తగ్గుతుంది కదా అని ఊరుకోవడం కూడా సరికాదు. ఆ వారమంతా పిల్లి నొప్పితో ఉంటుంది. ముందుగా దేనికైనా డబ్బు పెట్టాల్సి ఉంటే అది నొప్పి మందుకే, అది కూడా పశువైద్యుడు రాసినదానికే. మన ఇంట్లో ఉండే పారాసిటమాల్ పిల్లికి విషం. దాన్ని విరిచి బయటికి పంపే ఒక ఎంజైమ్ పిల్లి కాలేయంలో సరిగా పనిచేయదు. మనం తలనొప్పికి వేసుకునే 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి పిల్లిని చంపడానికి చాలు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా ఇవ్వకూడదు.

కారణం దొరకని వాపు అన్నాను కదా, దాని వెనక ఏముందో వెతికినవారిలో ముఖ్యుడు ఒహాయో స్టేట్ యూనివర్సిటీకే చెందిన టోనీ బఫింగ్టన్. జబ్బు మూత్రాశయంలో మాత్రమే లేదనీ, బెదురుకూ ఒత్తిడికీ పిల్లి శరీరం స్పందించే తీరులో ఉందనీ ఆయన బృందం చూపింది. 2011లో ప్రచురించిన ఒక పరిశీలనలో ఈ జబ్బున్న 20 పిల్లుల్నీ, ఆరోగ్యంగా ఉన్న 12 పిల్లుల్నీ 77 వారాలపాటు గమనించారు. తిండి వేళ మారినా, రోజూ చూసుకునే మనిషి మారినా తిండి మానడం, ట్రే బయట పోయడం పెరిగాయి. ఆరోగ్యంగా ఉన్న పిల్లులు కూడా అందుకు మినహాయింపు కాలేదు. అంతకుముందు 2006లో, ఇళ్లలో ఉండే 46 పిల్లుల యజమానులతో ఇంటి వాతావరణంలోనే మార్పులు చేయించి పది నెలలు చూశారు. మూత్రం తాలూకు బాధలు గణనీయంగా తగ్గాయి.

మన ఇళ్లకు అన్వయించుకుంటే ఇది పైసా ఖర్చు లేని వైద్యం. ఇల్లు మారడం, పెళ్లి సందడి, సున్నాలు వేయించడం, దీపావళి టపాకాయలు, కిటికీ అవతల కాపు వేసే వీధి గండుపిల్లి: పిల్లికి ఇవన్నీ జబ్బు తెచ్చేంతటి సంగతులు. అలాంటి రోజుల్లో దానికి ఒక గది వదిలేయండి. బీరువా పైనో, అట్టపెట్టెలోనో ఎవరూ కదపని చోటు ఉంచండి. అన్నం రోజూ ఒకే వేళకు పెట్టండి. ట్రేలో ఇసుక రోజూ శుభ్రం చేయండి. రెండు పిల్లులుంటే మూడు ట్రేలు మంచిది, పాత ప్లాస్టిక్ టబ్బులు చాలు. ట్రే బయట పోసినందుకు కొట్టడం, ముక్కు పట్టి రుద్దడం జబ్బును పెంచే పనులు.

నీళ్ల సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. మందుల కంటే దీన్నే నేను ఎక్కువ నమ్ముతాను. మన పెంపుడు పిల్లి పూర్వీకురాలు ఆఫ్రికా, పశ్చిమాసియా ఎడారుల అడవిపిల్లి. ఎలుకనో పిట్టనో తింటే అందులోనే 70 శాతం వరకు నీళ్లుండేవి, విడిగా తాగే అవసరం పెద్దగా పడేది కాదు. అందుకే పిల్లికి దప్పిక తక్కువ, దాని మూత్రం మహా చిక్కన. నాలుగు కిలోల పిల్లికి తిండితో, తాగడంతో కలిపి రోజుకు సుమారు 200 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి. 60 గ్రాముల డ్రై ఫుడ్ తింటే అందులోంచి వచ్చేది 6 మిల్లీలీటర్లే. మిగతాది తాగి పూడ్చుకోవాలి, పిల్లులు అంత తాగవు. అదే 85 గ్రాముల తడి ఆహారపు పౌచ్‌లు మూడు తింటే తిండితోనే 200 నిండుతుంది. 1999లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఒకసారి ఈ వాపు వచ్చిన పిల్లులకు ఒకే రకం ఆహారాన్ని కొన్నింటికి తడిగా, కొన్నింటికి పొడిగా పెట్టి ఏడాది చూశారు. పొడి తిన్నవాటిలో 39 శాతానికి జబ్బు తిరగబెట్టింది, తడి తిన్నవాటిలో 11 శాతానికే.

బ్రిటన్‌లో 2004లో డానియెల్ గన్-మూర్ చేసిన ప్రయోగం కూడా నీళ్ల వైపే చూపిస్తుంది. మూత్రాశయానికి మంచిదని అమ్మే గ్లూకోసమైన్‌ను 40 పిల్లుల మీద ఆరు నెలలు పరీక్షించారు. కొన్నింటికి అసలు మందు, కొన్నింటికి ఉత్త మాత్ర. రెండు గుంపులూ దాదాపు సమానంగా కోలుకున్నాయి. యజమానుల్లో చాలామంది ఆ సమయంలో తడి ఆహారానికి మారడం, మూత్రం పలచబడడం అందుకు కారణం కావచ్చని పరిశోధకులు భావించారు.

రోజూ పౌచ్‌లు కొనే స్తోమత లేకపోతే ఉన్న డ్రై ఫుడ్‌నే నీళ్లు పోసి నానబెట్టండి. మొదట చెంచాడు, తర్వాత కొంచెం కొంచెంగా పెంచుతూ గింజలకు సమానంగా. మన ఎండలకు నానిన తిండి త్వరగా పాడవుతుంది, గంటా రెండు గంటల్లో తినకపోతే తీసేయాలి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం ఆ ఉడికిన నీళ్లతో సహా పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి. పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం ఉడికేటప్పుడు నీళ్లలోకి దిగిపోతుంది కాబట్టి ఆ నీళ్లు పారబోయకూడదు. అయితే ఎముక లేని కోడిమాంసంలో కాల్షియం చాలదు, నెలల తరబడి అదొక్కటే పెడితే కుదరదు. నీళ్ల గిన్నెలు వెడల్పువి తీసుకుని రెండు మూడు చోట్ల పెట్టండి.

పెరుగన్నంతో, పాలన్నంతో పెరిగే పిల్లులు మన దగ్గర చాలా ఉన్నాయి. ప్రేమతో పెట్టేదే, కాదనను. కానీ పిల్లి మాంసాహారి. ధాన్యం ఎక్కువైన తిండి దాని మూత్రాన్ని క్షారంవైపు జరుపుతుంది, స్ట్రువైట్ అనే రాయి ఏర్పడేది క్షార మూత్రంలోనే. ఈ స్ట్రువైట్ కరుగుతుంది. డాక్టర్లు రాసే ప్రత్యేక ఆహారం ఒక్కటే పెడితే చాలావాటిలో రెండు నుంచి నాలుగు వారాల్లో పోతుంది. ఆ ఆహారం ఖరీదు ఎక్కువే, కానీ ఆపరేషన్‌తో పోలిస్తే తక్కువ. కాల్షియం ఆక్సలేట్ రాయి మాత్రం ఏ ఆహారానికీ కరగదు. రాయి ఉందని ఎక్స్‌రేలో చూడకుండా ఖరీదైన ఆహారం కొనకండి.

పరీక్షల్లో చవకైనది, చాలా చెప్పేది మూత్రపరీక్ష. ట్రేలో ఇసుక తీసేసి కడిగి ఆరబెట్టిన గులకరాళ్లు పోస్తే అవి మూత్రాన్ని పీల్చవు, సిరంజితో తీసుకోవచ్చు. రెండు గంటల్లోపు చేర్చాలి. ఫ్రిజ్‌లో పెట్టిన నమూనాలో చల్లదనానికే స్ఫటికాలు పుడతాయి, వాటిని చూసి లేని జబ్బుకు వైద్యం మొదలవుతుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లుల మూత్రంలో కూడా కొద్దిపాటి స్ఫటికాలు మామూలే.

బిగిసి విడిపించుకొచ్చిన మగపిల్లికి మళ్లీ బిగుసుకునే ప్రమాదం మొదటి వారంలోనే ఎక్కువ. ఆ వారం పొద్దునా సాయంత్రం ఇసుకలో తడిసిన ముద్దలు ఎన్ని ఉన్నాయో, ఏ సైజులో ఉన్నాయో చూసి రాసుకోండి. సన్నగొట్టం చివరి భాగాన్ని తీసేసి దారి వెడల్పు చేసే ఆపరేషన్ ఒకటుంది. మాటిమాటికీ బిగుసుకునే పిల్లికి ప్రతిసారీ కాథెటర్ పెట్టించడం కంటే ఒక్కసారి ఆ ఆపరేషన్ చేయించడం చవక పడవచ్చు. పశువైద్య కళాశాల ఆసుపత్రిలో శస్త్రచికిత్స విభాగాన్ని దాని గురించి ముందే అడిగి ఉంచుకోండి.