మీకు తెలుసా? నది బాగుపడిందో లేదో ఒడ్డునున్న గడ్డే చెబుతుంది

ఢిల్లీలో వజీరాబాద్ నుంచి ఓఖ్లా దాకా యమున ప్రవహించేది దాదాపు 22 కిలోమీటర్లు. 1,376 కిలోమీటర్ల నదిలో అది రెండు శాతం కూడా కాదు. అయినా నది బాగా మురికయ్యేది ఇక్కడే. ఈ తీరాన్ని బాగుచేసే పనిలో మొక్కలు చెప్పే సంగతులు కొన్ని చూద్దాం.

1. పచ్చగా ఉంటే నది బాగున్నట్టు కాదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గుర్రపు డెక్క మురుగులోని నత్రజని, భాస్వరం తిని బలుస్తుంది. నీటినంతా కప్పేసి వెలుతురు ఆపేస్తుంది. దాంతో అడుగున బతికే మొక్కలు చచ్చిపోతాయి. ఎన్నిసార్లు తీసిపారేసినా, మురుగు ఆగనంత కాలం మళ్లీ వస్తూనే ఉంటుంది.

2. జమ్ము గాలిని బురదలోకి దింపుతుంది. జమ్ము ఆకును అడ్డంగా కోస్తే లోపల వరసగా గాలి గదులు కనిపిస్తాయి. వాటి గుండా దిగిన గాలి వేళ్ల దాకా చేరి, కొంత చుట్టూ ఉన్న నల్ల బురదలోకి వెళ్తుంది. అక్కడి సూక్ష్మజీవులు ఆ ప్రాణవాయువుతో మురుగును అరిగిస్తాయి. దక్షిణ ఢిల్లీలో పాడైపోయిన నీలా హౌజ్ చెరువుకు మళ్లీ ప్రాణం పోసింది రాళ్లు, నీటిమొక్కలతో కట్టిన ఇలాంటి శుద్ధి ఏర్పాటే.

3. రెల్లుకు వరద శత్రువు కాదు. గోదావరి లంకల్లో తెల్లగా పూసే రెల్లే యమున ఇసుక మీదా పూస్తుంది. వరద వేసిన కొత్త ఇసుకలో మొదట పాతుకుని, దాన్ని వేళ్లతో పట్టి ఉంచేది ఇదే. దుబ్బు మీద ఒండ్రు పడినా మళ్లీ చిగురిస్తుంది.

4. ఝావు విత్తనానికి వ్యవధి తక్కువ. యమున ఒడ్డున సహజంగా పెరిగే ఈ పొద విత్తనాలు కొద్ది వారాలే బతుకుతాయి. ఆలోగా తడి ఒండ్రు దొరకాలి. ఒడ్డును రాతితో కప్పేస్తే దానికి మొలిచే చోటే ఉండదు.

5. నీటిమొక్కలు వస్తే అతిథులూ వస్తారు. వజీరాబాద్ దగ్గర 457 ఎకరాల యమునా బయోడైవర్సిటీ పార్క్ పని 2002లో మొదలైంది. ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీతో కలిసి దాన్ని తీర్చిదిద్దింది ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య సి.ఆర్. బాబు బృందం. ఉప్పు తేలిన నేలను బాగుచేసి, చిత్తడి నేలలను, స్థానిక గడ్డిజాతులను తిరిగి తెచ్చారు. ఇప్పుడు చలికాలంలో ఎర్రతల బాతులు వలస వస్తున్నాయి. వాటి ప్రధాన ఆహారం నీటిమొక్కలే. 2016 చివర్లో ఒక చిరుత కూడా ఇక్కడ కనిపించింది.

6. వరదకు చోటు వదలమన్నది తీర్పే. 2015 జనవరి 13న జాతీయ హరిత ట్రిబ్యునల్ యమున వరద మైదానంలో నిర్మాణాలు వద్దని ఆదేశించింది. 2023 జులైలో నది 208.66 మీటర్ల రికార్డు మట్టానికి చేరినప్పుడు ఆ చోటు ఎంత అవసరమో నగరమంతా చూసింది.

మూసీ అయినా, యమున అయినా, మీ ఊరి వాగు అయినా సుందరీకరణ పేరు వినగానే మూడు ప్రశ్నలు అడగండి: మురుగును ఎక్కడ ఆపుతున్నారు? వరదకు ఎంత చోటు వదులుతున్నారు? లాన్‌కు బదులు ఆ నేలకు చెందిన గడ్డిని పెరగనిస్తారా? వీటికి జవాబు లేకపోతే అది పార్కు పని మాత్రమే, నదిని బాగుచేయడం కాదు.