రెండు భాషలు మెదడుకు బరువా?

పిల్లలూ! విశాఖపట్నంలో సముద్రపు ఒడ్డున జాలరిపేట ఉంది. చేపలు పట్టేవారి పేట అని పేరే చెబుతోంది కదూ? అక్కడి పిల్లలు వంజరాన్ని చూడగానే పోల్చేస్తారు. అదే చేపను హిందీవాళ్ళు సుర్మయి అంటారు. ఓడరేవు, ఉక్కు కర్మాగారం ఉన్న నగరం కాబట్టి విశాఖలో ఇతర రాష్ట్రాలవారు చాలామంది ఉన్నారు. మరి రెండు పేర్లూ తెలిసినవారికి ఆ చేప కనబడితే మెదడులో ఏం జరుగుతుంది?

రెండు పేర్లూ ఒక్కసారే మేలుకుంటాయి! అవతలి మనిషి తెలుగువాడైతే మెదడు 'సుర్మయి'ని ఆపి, 'వంజరం' అనే మాటను పైకి పంపాలి.

ఇది నిజమో కాదో మీరే పరీక్షించవచ్చు. పది బొమ్మలు వరసగా పెట్టుకోండి. వాటి పేర్లన్నీ తెలుగులో గబగబా చెప్పండి. తర్వాత ఒకటి తెలుగులో, ఒకటి ఇంగ్లీషులో మార్చి మార్చి చెప్పండి. సాధారణంగా రెండోసారి ఎక్కువ సమయం పడుతుంది. ఒక భాషను ఆపి మరొకదాన్ని అందుకోవడానికి మెదడు చేసే శ్రమ వల్లనే ఈ ఆలస్యం.

మాటలు మెదడులో ఎక్కడ పుడతాయి?

1861లో ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా, మెదడు ఎడమవైపు ముందు భాగం దెబ్బతింటే మాట పడిపోతుందని చూపాడు. 1874లో జర్మనీకి చెందిన కార్ల్ వెర్నికే, ఇంకొంచెం వెనుక భాగం దెబ్బతింటే మాటల అర్థం తెలియకుండా పోతుందని చెప్పాడు. రెండు భాషలు నేర్చినవారికి మెదడులో రెండు వేరువేరు గదులేమీ ఉండవు. చాలావరకు అవే భాగాలు రెండు భాషలకూ పనిచేస్తాయి.

ఈ అలవాటు వల్ల లాభమేమైనా ఉందా? హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు ఈ ప్రశ్న వేసుకున్నారు. డిమెన్షియా అనే మతిమరుపు వ్యాధి వచ్చిన 648 మంది వివరాలు పరిశీలించారు. 2013లో ఫలితం ప్రకటించారు. ఒకే భాష వచ్చినవారికన్నా, రెండు లేక అంతకన్నా ఎక్కువ భాషలు వచ్చినవారిలో ఆ వ్యాధి సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలైంది! అసలు బడికి వెళ్ళనివారిలో కూడా ఈ తేడా కనబడింది. అంటే ఇది కేవలం చదువు మహిమ కాదన్నమాట. అయితే అన్ని దేశాల పరిశోధనల్లోనూ ఇదే ఫలితం రాలేదు. అందుకని శాస్త్రజ్ఞులు ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారు.

ఆటిజం ఉన్న పిల్లల మాటేమిటి?

ఆటిజం అంటువ్యాధి కాదు. మెదడు ఎదిగే తీరులో ఉండే తేడా. దీని గురించి 1943లో లియో కానర్ అనే వైద్యుడు వివరంగా రాశాడు. కొందరు పిల్లలకు మాటలు ఆలస్యంగా వస్తాయి. కొందరు విన్న మాటనే మళ్ళీ మళ్ళీ అంటారు. మరికొందరు చక్కగా మాట్లాడినా, ఎదుటివారి ముఖంలోని భావం పట్టుకోవడం వారికి కష్టం. తల్లి ప్రేమ చాలకనే ఇలా అవుతుందని ఒకప్పుడు కొందరు నిందించారు. అది తప్పని తేలిపోయింది.

ఇలాంటి బిడ్డ ఉన్న ఇంట్లో, "ఒక్క భాషే రావడం లేదు, రెండోది ఎందుకు? ఇంట్లో కూడా బడి భాషే మాట్లాడండి" అనే సలహా వినబడుతూ ఉంటుంది. పాపం, ఆ తల్లికి బడి భాష సరిగా రాదనుకోండి. అప్పుడామె బిడ్డతో మాట్లాడటమే తగ్గించేస్తుంది! మాటలు వినవలసిన బిడ్డకు ఉన్న మాటలు కూడా దూరమవుతాయి.

కాని పరిశోధనలు వేరే సంగతి చెబుతున్నాయి. ఆటిజం ఉండి రెండు భాషలు వింటూ పెరిగిన పిల్లలను, ఒకే భాష వింటూ పెరిగిన అలాంటి పిల్లలతో పోల్చి చూశారు. రెండో భాష వల్ల మాటలు మరింత ఆలస్యమైన దాఖలా కనబడలేదు. మెదడు బిందె కాదు, ఒక భాష పోస్తే మరొకటి పొర్లిపోవడానికి!

కాబట్టి మాటలు ఆలస్యమైతే పిల్లల వైద్యునికి తొందరగా చూపించాలి. మాటలు నేర్పే శిక్షణ ఇప్పించాలి. అమ్మ మాత్రం తనకు బాగా వచ్చిన భాషలోనే కబుర్లు చెప్పాలి.

మీ తరగతిలో అలాంటి నేస్తం ఉంటే మీరూ ఒక సాయం చేయవచ్చు. చిన్న చిన్న మాటలతో అడగండి. జవాబుకు కాస్త ఆగండి. మాట రాకపోతే బొమ్మ చూపించినా, సైగ చేసినా అది జవాబే!