రంగు సంగతి ఆఖర్న చూద్దాం

తుప్పుపట్టిన పాత ట్రాక్టరును ఇంటికి తెచ్చుకున్న కొత్తవాళ్లు చాలామంది మొదట వెళ్లేది పెయింటు కొట్టుకే. నిగనిగలాడే ఎరుపో పసుపో వేసేసి, ఫొటో తీసుకుని, షెడ్డులో పెట్టేస్తారు. ఇంజను సంగతి తర్వాత చూద్దామంటారు. ఆ తర్వాత అనేది రాదు. పెన్సిల్వేనియాలో మా పాత ట్రాక్టర్ల బృందం కలిసినప్పుడల్లా ఈ వాదన ఉండాల్సిందే. నాదెప్పుడూ ఒకటే మాట: దున్నలేని బండిని బాగుచేశామని చెప్పుకోకూడదు.

ముందు ఆ బండి ఏమిటో చెప్పాలి. దీన్ని గార్డెన్ ట్రాక్టర్ అంటారు. స్టీరింగు నా నడుం దాకా వస్తుంది. ఒకే సిలిండరు, పెట్రోలు ఇంజను, ఏడు నుంచి పధ్నాలుగు హార్స్‌పవర్. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికన్లు నగరాలు వదిలి శివార్లలో ఇళ్లు కట్టుకున్నారు. ఇంటి చుట్టూ అరెకరం, ఎకరం, రెండెకరాలు. పెద్ద ట్రాక్టరు తిప్పడానికి చోటు చాలదు, చేత్తో తోసే యంత్రంతో పని తెమలదు. ఆ మధ్యలో పుట్టింది ఈ బండి. వేసవిలో గడ్డి కోస్తుంది, వసంతంలో కూరగాయల మడి దున్నుతుంది, చలికాలంలో ముందు బ్లేడు తగిలిస్తే వాకిట్లో మంచు తోస్తుంది. ఇప్పుడు పెద్ద కొట్లలో అమ్మే లాన్ ట్రాక్టర్లు చూడటానికి ఇలాగే ఉంటాయి కానీ అవి ప్రధానంగా గడ్డి కోయడానికే. నాగలి కడితే గేరుబాక్సు చేతిలోకి వస్తుంది.

వీటిని మొదలుపెట్టినవాళ్లంతా పెద్ద పారిశ్రామికవేత్తలేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధానికి చాలా ముందే వెస్ట్ వర్జీనియాలోని డన్‌బార్‌లో బెంజమిన్ గ్రేవ్‌లీ అనే ఫొటోగ్రాఫర్ వెనక నడుస్తూ నడిపే మోటారు నాగలి తయారుచేసి 1916లో పేటెంటు తీసుకున్నాడు. ఇండియానాలోని సౌత్ బెండ్‌లో ఎల్మర్ పాండ్, ఆయన కొడుకు సెసిల్ యుద్ధం ముగిసిన వెంటనే మొదలుపెట్టిన వ్యాపారమే వీల్ హార్స్. ఎర్ర రంగు, బలమైన గేరుబాక్సు దాని గుర్తులు. 1986లో టోరో కంపెనీ దాన్ని కొనేసింది. విస్కాన్సిన్‌లో మిషిగన్ సరస్సు ఒడ్డున పోర్ట్ వాషింగ్టన్ అనే చిన్న ఊరుంది. బోలెన్స్, సింప్లిసిటీ అనే రెండు పేరున్న ట్రాక్టర్లూ ఆ ఒక్క ఊళ్లోనే తయారయ్యేవి. ఇప్పటికీ ఏది మేలని ఆ రెండు వర్గాలవాళ్లూ పోట్లాడుకుంటారు.

నాకు ఈ పిచ్చి ఎక్కించింది మాత్రం ఇంటర్నేషనల్ హార్వెస్టర్. మహీంద్రా వాళ్లు 1963లో ఈ కంపెనీతోనూ వోల్టాస్‌తోనూ కలిసి మన దేశంలో ట్రాక్టర్ల తయారీ మొదలుపెట్టారు. ఇంటర్నేషనల్ బి-275 అలా వచ్చిందే. తెనాలి దగ్గర మా నాన్నగారు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నదీ ఆ బండే. దాని బానెట్ మీద ఉన్న పేరే ఇక్కడొక పాల రైతు పాక వెనక, కలుపు మొక్కల్లో మునిగిపోయిన పసుపూ తెలుపూ రంగుల బుల్లి బండి మీద కనపడింది. అది కబ్ క్యాడెట్. ఆ కంపెనీ 1947లో తెచ్చిన ఫార్మాల్ కబ్ అనే చిన్న వ్యవసాయ ట్రాక్టరు గేరుబాక్సు ఆధారంగా, 1960ల మొదట్లో ఇళ్లవాళ్ల కోసం చేసిన బండి. అంటే లాన్‌లో తిరిగే బండికి పొలంలో తిరిగే బండి ఎముకలన్నమాట. అరవై ఏళ్ల తర్వాత కూడా ఇవి బతికి లేస్తున్నాయంటే కారణం అదే.

దాని ఇంజను కోలర్ కంపెనీది. మన అపార్ట్‌మెంట్లలో కొళాయిల మీద, కమోడ్ల మీద కనపడే కోలరే. 1920లోనే వాళ్లు ఇంజన్ల వ్యాపారం మొదలుపెట్టారు. వాళ్ల కె-సిరీస్ ఇంజనులో బ్లాకు సిలిండరుతో సహా పోత ఇనుమే. అరిగితే లేత్ షాపులో బోరు కొట్టించి, ఒక సైజు పెద్ద పిస్టన్ వేసుకోవచ్చు. మళ్లీ అరిగితే ఇంకో సైజు. పారేసి కొత్తది కొనుక్కోమనే కాలం అప్పటికింకా రాలేదు.

ఇక అసలు పని. పాత బండి దగ్గరికి వెళ్లగానే ఇంజను చేత్తో తిరుగుతుందా లేదా చూస్తాం. తిరక్కపోతే ధర తగ్గుతుంది, మా ఉత్సాహం పెరుగుతుంది. పిస్టన్ పట్టేసిన ఇంజనుతో తొందర పనికిరాదు. స్పార్క్ ప్లగ్ తీసి ఆ కన్నంలోంచి ఆటోమేటిక్ గేర్ల కార్లలో వాడే ఎర్ర నూనె పోసి వదిలేయాలి. కొందరు అందులో సగానికి సగం ఎసిటోన్ కలుపుతారు. అది సన్నటి సందుల్లోకి కూడా దిగుతుంది. రోజూ ఒకసారి ఫ్లైవీల్‌ను కాస్త అటూ ఇటూ కదిపి చూస్తూ ఉండాలి. సుత్తి పట్టుకుంటే ఫ్లైవీల్ రెక్కలు విరుగుతాయి, అవి మళ్లీ దొరకవు. వారాల తర్వాత ఒక రోజు వెంట్రుకవాసి కదులుతుంది. ఆ రోజు మా ఆవిడకు కూడా ఫోన్ చేసి చెప్తాను. ఆవిడ సరేనంటుంది, పాపం.

ఇంజను కదిలాక ఫ్లైవీల్ మీది రేకు మూత తప్పనిసరిగా విప్పాలి. లోపల ఎలకల గూడు ఉంటుంది. ఇవి గాలితో చల్లబడే ఇంజన్లు. గూడు తీయకుండా స్టార్ట్ చేస్తే గాలి ఆడక ఇంజను మాడిపోతుంది. తర్వాత కార్బొరేటర్. ఇక్కడి పెట్రోల్లో కలిపే ఇథనాల్ తేమను లాక్కుంటుంది, ఏళ్లతరబడి నిలవున్న పెట్రోలు జిగురైపోయి సన్న రంధ్రాలన్నీ మూస్తుంది. ఆపైన నిప్పురవ్వకు వేళ చెప్పే కాంటాక్ట్ పాయింట్లు. గరుకు కాగితంతో రుద్ది, వాటి మధ్య అంగుళంలో వెయ్యింట ఇరవై వంతుల సందు పెడితే చాలు. ఎలక్ట్రానిక్స్ ఏమీ లేవు. పెట్రోలు, గాలి, నిప్పురవ్వ. మూడూ ఉంటే పలుకుతుంది.

తుప్పు వదలగొట్టడానికి మేము ఎక్కువగా వాడేది బట్టల సోడా. ప్లాస్టిక్ డ్రమ్ములో సోడా నీళ్లు కలిపి, తుప్పు భాగాన్ని బ్యాటరీ చార్జరు నెగటివ్ తీగకు, ఒక పనికిరాని ఇనప ముక్కను పాజిటివ్‌కు తగిలించి ముంచుతాం. తెల్లారేసరికి తుప్పు నల్లటి బురదై ఊడిపోతుంది, మంచి ఇనుము చెక్కుచెదరదు. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయటే చేయాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టకూడదు. విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది.

ఇదంతా ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. మా బృందంలో రిటైరైన స్కూలు బస్సు మెకానిక్ ఉన్నాడు, వెల్డింగ్ తెలిసిన నర్సమ్మ ఉంది, పోత ఇనుము పగుళ్లు ఇత్తడితో అతకగల ముసలాయన ఉన్నాడు. బేరింగులు, ఆయిల్ సీళ్లు ఏ దుకాణంలోనైనా నంబరు చెప్తే ఇస్తారు. బానెట్, గేరు లివరు, నాగలి తగిలించే కొక్కెం లాంటివి మాత్రం కొత్తవి రావు. అందుకని మూడు బండ్లు తెచ్చి రెండు చేస్తాం. మూడోదాని భాగాలు ఎవరికి కావాలంటే వాళ్లవి. లెక్క రాసుకునే అలవాటు మాకు లేదు. అమ్మి లాభం చూసుకుందామనుకునేవాళ్లు మా దగ్గర ఎక్కువకాలం ఉండరు. పెట్టినంత తిరిగి రాదు కనుక.

వసంతంలో ఎవరో ఒక రైతు తన చేనులో కొంత ముక్క మాకు వదులుతాడు. అక్కడ మేమంతా కలిసి దున్నే రోజును ప్లౌ డే అంటారు. బుల్లి ట్రాక్టర్లన్నీ పది అంగుళాల నాగళ్లు కట్టుకుని వరసగా దిగుతాయి. కుడి చక్రం చాలులో నడుస్తుంది కాబట్టి బండి ఒక పక్కకు ఒరిగి పోతుంటుంది. వెనక చక్రాలకు గొలుసులు కడతాం, ఇనప దిమ్మలు బిగిస్తాం. మన దగ్గర ట్రాక్టరు టైర్లలో నీళ్లు పడతారు కదా. ఇక్కడ చలికి నీళ్లు గడ్డకడతాయని పాతవాళ్లు కాల్షియం క్లోరైడ్ కలిపిన నీళ్లు పోసేవారు. అది గడ్డకట్టదు, నిజమే. ట్యూబు కారితే మాత్రం రిమ్మును తినేస్తుంది. మేము మార్చే రిమ్ముల్లో చాలావాటి చరిత్ర ఇదే. ఆ చేనులో తళతళలాడే బండి ఏది, తుప్పు మచ్చలున్న బండి ఏది అని ఎవరూ చూడరు. చాలు తిన్నగా పోయిందా లేదా అన్నదే చూస్తారు.

చూసేవాళ్లకూ చోటుంది. పెన్సిల్వేనియాలోని కిన్జర్స్‌లో 1948 నుంచి ఉన్న రఫ్ అండ్ టంబుల్ సంఘం ఏటా ఆగస్టులో పాత యంత్రాల జాతర జరుపుతుంది. ఆవిరి ఇంజన్ల దగ్గర్నుంచి అన్నీ నడుస్తూనే ఉంటాయి. అటువైపు ఉన్న తెలుగువాళ్లు పిల్లల్ని తీసుకుని వెళ్లాలి. పిల్లలకు యంత్రం లోపల ఏం జరుగుతుందో కళ్లకు కనపడే చోట్లు తక్కువైపోయాయి.

మన ఊళ్ల సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఇంగ్లండులోని డర్స్‌లీలో తయారైన లిస్టర్ డీజిల్ ఇంజనును చూసి రాజ్‌కోట్ కార్ఖానాలు దశాబ్దాలపాటు అలాంటివే చేశాయి. పెద్ద ఫ్లైవీళ్లు, నెమ్మదైన వేగం, ఎవరైనా విప్పగలిగే నిర్మాణం. ఆ రాజ్‌కోట్ ఇంజన్లను ఇక్కడి అమెరికన్ ఔత్సాహికులు ఓడల్లో తెప్పించుకుని జనరేటర్లకు బిగించుకున్నారు. మనవాళ్లేమో కరెంటు మోటార్లు వచ్చాక వాటిని కిలోల లెక్కన తూకానికి వేశారు. చేలగట్ల మీది షెడ్లలో ఇంకా కొన్ని మిగిలే ఉంటాయి. మీ షెడ్డులో ఒకటుంటే సిలిండరులోకి కాస్త నూనె పోయండి. దాని మీది నంబరు పలక ఊడిపోకుండా చూడండి. ఊళ్లో దాన్ని విప్పిన పాత మెకానిక్ ఉంటే ఒక పూట పక్కన కూర్చోబెట్టుకుని ఆయన చెప్పేది ఫోనులో రికార్డు చేసుకోండి. ఫ్లైవీల్ చేత్తో తిరుగుతుందేమో ఒకసారి తిప్పి చూశాకే పాత ఇనుము కొనేవాడికి కబురు పంపండి.